ఫాంటమ్ బొమ్మ నెత్తిన పాలిటిక్స్ ఎందుకు?

పెరంబూర్_పాండు

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఇక్కడ స్కానర్_శాస్త్రి గారు ముసుగు వీరుడు ఫాంటమ్ లాంటి వాళ్ల పాత ఇంద్రజాల్ కామిక్స్ నాలుగు పేజీలు పెడతారని ఎనిమిదిన్నరకే భోంచేసి ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. మా ఆవిడకి టీవీలో సీరియల్, నాకు ఇదే సీరియల్. రెండేళ్లు బాగానే సాగింది. ఇప్పుడేమో బొమ్మ దాకా వెళ్లాలంటే ముందు మూడు పేరాల ఉపన్యాసం దాటాలి. ఓ వారం నియోజకవర్గాల పునర్విభజన, ఓ వారం జమిలి ఎన్నికలు, నిన్న రాత్రి 1984 ఆగస్టు. కింద ఎనభై జవాబులు. ఓపిగ్గా అన్నీ చదివాను. ఒక్కటంటే ఒక్కటి ఫాంటమ్ గురించి లేదు. మీవాడు అంత, మావాడు ఇంత. ఆ గోల కావాలంటే నాకు టీవీ ఉంది, వాట్సాప్‌లో బావమరిది ఉన్నాడు.

పెద్దాయన మీద కోపం కాదు. ఆయన పెట్టినంత శుభ్రమైన స్కాన్లు ఇంకెక్కడా చూడలేదు. బొమ్మని బొమ్మలా పెట్టండి, దేశం సంగతి వేరే చోట రాసుకోండి, కావలసినవాళ్లు అక్కడికొచ్చి కొట్టుకుంటారు. అడగడం తప్పా?

టి_నగర్_టిఫిన్

తప్పేం కాదు. ఆ బావమరిది మా వాట్సాప్‌లో కూడా ఉన్నాడు.

కోడంబాకం_కుర్రోడు

నేను పేరాలు చదవను. స్క్రోల్ చేసుకుంటూ పోయి బొమ్మ దగ్గర ఆగుతా. వేలికి అంత కష్టమా అంకుల్?

పెరంబూర్_పాండు

కష్టం వేలికి కాదు తమ్ముడూ, బీపీకి.

బేతాళుడు_చెట్టుదిగడు

ఉపన్యాసం చదివి, జవాబు తెలిసీ రాయకపోతే పాండు గారి తల వెయ్యి చెక్కలవుతుందని ఆయన భయం.

స్కానర్_శాస్త్రి

పాండు గారూ, బొమ్మకి దేశాన్ని నేను అతికించలేదు. అచ్చేసినవాళ్లే అతికించి మన చేతికిచ్చారు.

ఇంద్రజాల్ మొదలైంది 1964 మార్చిలో, టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ల ప్రచురణ. మొదటి పుస్తకం ఫాంటమ్‌దే. లీ ఫాక్ అమెరికాలో రాసిన కథలో ఆ దేశం పేరు బెంగాలా. మన అచ్చులోకి వచ్చేసరికి డెంకాలి. అక్కడ సముద్రపు దొంగలు సింగ్‌లు, ఇక్కడ సింగాలు. ఫాంటమ్ తండ్రిని వెన్నుపోటు పొడిచినవాడు అక్కడ రామా, ఇక్కడ రామాలు. బెంగాల్ వాళ్లు, సర్దార్జీలు, రామభక్తులు ఎవరూ నొచ్చుకోకుండా మూడు పేర్లు సవరించి పడేశారు. మనోభావాలు దెబ్బతిన్నాయి అన్న మాట టీవీ స్క్రోలింగుల్లోకి ఎక్కక ముందే ఒక పిల్లల పుస్తకం ఆఫీసులో ఎవరో కూర్చుని ఆ లెక్క వేశారు. ఇప్పుడు సినిమా పేర్ల మీద జరిగే రగడ చూసినప్పుడల్లా నాకు ఆ డెంకాలే గుర్తొస్తుంది. గుర్తొచ్చింది రాస్తాను.

ఇక నిన్నటి పేజీలు. ఆ డెంకాలిలో డాక్టర్ లువాగా ఎన్నికల్లో గెలిచాడు. జనరల్ బబాబు ఆ ఫలితం చెల్లదన్నాడు. ఇది స్కాన్ చేస్తూ 1984 తలుచుకోకుండా ఉండాలంటే నేను తెలుగువాణ్ణి కాకుండా ఉండాలి. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చీ రాగానే ఆగస్టు 16న దించేశారు. సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 16న మళ్లీ కుర్చీ ఎక్కాడు. ఆ నెల రోజులూ నేను మౌంట్ రోడ్డులో ఆఫీసు వదలగానే టీ కొట్టు రేడియో దగ్గర నిలబడి ఏడున్నర బస్సు వదిలేసుకునేవాణ్ణి. ఆ బొమ్మ చూస్తే నాకు టీ వాసన వస్తుంది. మీకు రాకపోతే పైకి జరపండి.

బేతాళుడు_చెట్టుదిగడు

వెన్నుపోటు అన్న మాట తెలుగువాళ్ల మధ్య అనేసి, ఇది పాలిటిక్స్ కాదు కామిక్సే అంటే ఎవరు నమ్ముతారు మాస్టారూ?

ఇకపోతే రామాలు. ఎవరి మనోభావాలు కాపాడారో గానీ మా వాడివి పోయాయి. అయిదో తరగతిలో మా పక్క బెంచీలో రాములు అని నెల్లూరు వాడు ఉండేవాడు. ఆ పుస్తకం క్లాసులో తిరిగాక ఏడాదంతా వాణ్ణి "ఏరా హంతకా" అనే పిలిచాం.

టి_నగర్_టిఫిన్

హిందీ పుస్తకాల్లో ఫాంటమ్ పేరే వేతాళ్ కదా. నీకు బంధువే.

బేతాళుడు_చెట్టుదిగడు

పేరొకటే. ఆయన గుర్రమెక్కుతాడు, నేను మనిషి భుజమెక్కుతాను. అక్కడే తేలిపోయింది మా ఇద్దరి బతుకు.

నిప్పులాంటి_నిజం

1984 అనగానే శాస్త్రి గారి కలం పరిగెడుతుంది. 1995 ఆగస్టు మాత్రం ఆయన స్కానర్‌లో పట్టదు. వైస్రాయ్ హోటల్ కథకి ఏ పేజీ పెడతారో చూడాలనుంది. అప్పుడు ఏ బబాబూ గుర్తురాడేం?

స్కానర్_శాస్త్రి

దానికి ఫాంటమ్ చాలడు, ఇంద్రజాలికుడు మాండ్రేక్ కావాలి. చెయ్యి ఇలా తిప్పగానే ఉన్నవాళ్లు లేనట్టూ లేనివాళ్లు ఉన్నట్టూ కనిపించాలి కదా. పెడతాను, తొందరపడకండి.

కోడంబాకం_కుర్రోడు

మరి 2017లో ఎమ్మెల్యేల్ని దాచిన మా కూవత్తూర్ రిసార్టుకి?

స్కానర్_శాస్త్రి

దానికి ముత్తు కామిక్స్ ఉంది. శివకాశిలో 1972లో మొదలైంది, తొలి హీరో ఇరుంబుక్కై మాయావి. ఇనప చెయ్యి. కరెంటు షాకు తగిలితే మనిషి మొత్తం మాయమైపోయి ఆ చెయ్యి ఒక్కటే గాల్లో కనిపిస్తుంది. ఎమ్మెల్యే కనబడడు, సంతకం మాత్రం కనబడుతుంది.

టి_నగర్_టిఫిన్

ఇది చదివి కాఫీ కీబోర్డు మీద పోసుకున్నాను.

నిప్పులాంటి_నిజం

జోకులేసి తప్పించుకోవడం కూడా రాజకీయమే.

పెరంబూర్_పాండు

చూశారా? నేను వద్దన్న చోటే మళ్లీ మొదలెట్టారు. పొద్దున్న ఏడింటికి పెట్టాను, ఎనిమిదిన్నరకి వైస్రాయ్ హోటల్లో తేలాం.

పర్యవేక్షకుడు

పద్నాలుగు పోస్టులు తీసేశాను. నాయకుల ఇంట్లో ఆడవాళ్ల జోలికి వెళ్లినవన్నీ పోయాయి. మిగతావి ఉంచాను. పాండు గారు అడిగింది న్యాయమైన ప్రశ్న, దాని మీద మాట్లాడండి.

ఆవడి_అన్నపూర్ణ

పాండు బాబుతోనే నా ఓటు. ముప్ఫై ఏళ్లు పిల్లలకి తెలుగు చెప్పాను, అందులో సగం వడపళని చందమామ పుణ్యం. 1947 జులైలో మొదలైన పత్రిక, దేశానికి స్వతంత్రం రావడానికి నెల ముందు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి పోయేదాకా దాన్ని నడిపారు. ఆయన రాజకీయాలు ఎంత గట్టివో తెలిసినవాళ్లకి తెలుసు. వ్యాసాల్లో ఎవరినీ వదిలిపెట్టేవాడు కాదు, విరసంలో చేరాడు. కానీ చందమామలో ఒక్క పేజీ చూపించండి, పిల్లవాడి చెవిలో పార్టీ మాట ఊదినట్టు. చేతకాక కాదు. దేనికి ఏ పీట వెయ్యాలో ఆయనకి తెలుసు. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, మకరదేవత లాంటి సీరియళ్లు చదివి పిల్లలు రాత్రిళ్లు నిద్రపోయేవాళ్లు కాదు, అది చాలదూ?

బేతాళుడు_చెట్టుదిగడు

అన్నపూర్ణమ్మ గారూ, మీ చేత దెబ్బలు తిన్న విద్యార్థిలాగే అడుగుతున్నా. నేను నెలనెలా శవంలోంచి అడిగేది ఏమిటి? రాజు చేసింది న్యాయమా కాదా, ఇద్దరిలో ఎవడు గొప్పవాడు, నేరం ఎవరిది. ఇంతకన్నా రాజకీయం ఏముంటుంది?

ఆవడి_అన్నపూర్ణ

ప్రశ్న అడిగేవాడివి, నువ్వే జవాబు చెప్పేవాడివి కాదుగా నాయనా. శాస్త్రి గారు ప్రశ్న అడగరు, జవాబు చెప్పేసి తర్వాత బొమ్మ పెడతారు. తేడా అక్కడ.

స్కానర్_శాస్త్రి

ఇది తగిలిందమ్మా. ఒప్పుకుంటున్నాను.

కోరమంగళ_కోదండం

బెంగళూరు నుంచి ఒక సాక్షి. 1984లో నాకు తొమ్మిదేళ్లు. ఓ ఆదివారం నంది కొండకి పులిహోర కట్టుకుని బయల్దేరాం. పైకి పోవడానికి లేదన్నారు, ఎవరో పెద్దవాళ్లు ఉన్నారట. ఆ పెద్దవాళ్లు అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి హెగ్డే గారి అతిథులుగా ఉన్న మన ఎమ్మెల్యేలని నాన్న తర్వాత చెప్పారు. పులిహోర కొండ కింద చింతచెట్టు నీడలో తిన్నాం. ప్రజాస్వామ్యానికి మా ఇంటి త్యాగం అది.

అన్నట్టు కామిక్స్ అంటే బొంబాయి, శివకాశి అంటున్నారు. మా ఊరినీ కాస్త తలుచుకోండి. అమర చిత్ర కథ ఆలోచన 1965లో బెంగళూరులో, కన్నడంలో మొదలైంది. అనంత్ పాయ్ గారి పేరుతో మనకి తెలిసిన ఇంగ్లీషు పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి.

కోడంబాకం_కుర్రోడు

బెంగళూరు వాళ్లకి ట్రాఫిక్‌లో కూర్చుని ఇవన్నీ గుర్తు చేసుకునే టైం ఉంటుంది.

సిరి_1998

అందరూ ఎక్కువైంది ఎక్కువైంది అంటున్నారు. నాకు తక్కువైనట్టు అనిపిస్తోంది. ఎమ్మెల్యేల లెక్కలేనా రాజకీయం? అసలు ఆ కథేంటో చూడండి. 1536లో ఓ తెల్లాయన ఒడ్డుకు కొట్టుకొస్తాడు, పుర్రె మీద ప్రమాణం చేస్తాడు. ఇరవై ఒక్క తరాలుగా అదే ముసుగు, అదే ఉంగరం. అడవిలో వాళ్లందరూ ఒకడే బతికున్నాడనుకుంటారు, ఆయన కాదని చెప్పడు. నాలుగొందల ఏళ్లుగా జనాన్ని నమ్మించి పాలించే వంశం అది. నల్లవాళ్లు డప్పు కొడతారు, ఈయన న్యాయం చెప్తాడు. మీరంతా చిన్నప్పుడు దుప్పటి కప్పుకుని చదివారు కాబట్టి కనిపించట్లేదు. నేను ముప్ఫైకి దగ్గరపడ్డాక మొదటిసారి శాస్త్రి గారి స్కాన్లలోనే చదివాను, నాకు మొదట కనిపించింది అదే.

పెరంబూర్_పాండు

అమ్మా, పదేళ్ల పిల్లాడికి వంశపాలన ఏం తెలుస్తుంది? గుర్రం కనిపించింది, తోడేలు కనిపించింది, పిడికిలి దెబ్బకి దవడ మీద పుర్రె గుర్తు పడింది. మేమూ బ్లేడుతో రబ్బరు చెక్కి ఇంకు పూసి పక్కవాడి చేతి మీద అద్దేవాళ్లం.

సిరి_1998

అదే అంటున్నా అంకుల్. గుర్తు పడేది పక్కవాడి మీదే.

స్కానర్_శాస్త్రి

సిరీ, నువ్వు చెప్పింది కాదనను. మొదటి కథల్లో ఆ దేశం మన సముద్రం పక్కనే ఎక్కడో ఉన్నట్టుంటుంది, పోను పోను ఆఫ్రికాకి జరిగిపోయింది. అందుకే ఆ అడవిలో పులీ సింహం రెండూ తిరుగుతాయి. చదివేవాళ్ల ఊరుని బట్టి అడవి కదిలిందన్నమాట. ఒక్కటి మాత్రం ఫాక్ పక్షాన చెప్తా. అరవైల్లోనే ఆయన ఆ దేశానికి స్వతంత్రం ఇప్పించి, ఒక నల్ల డాక్టరుని జనం ఓట్లతో అధ్యక్షుణ్ణి చేశాడు. ఫాంటమ్ తాను పోటీ చెయ్యలేదు.

బేతాళుడు_చెట్టుదిగడు

పోటీ చెయ్యడు. ఆ అడవి పోలీసు దళం జంగిల్ పెట్రోల్‌కి మాత్రం అజ్ఞాత కమాండర్. మొహం ఎవరూ చూడరు, ఇనప్పెట్టెలో చీటీ వస్తుంది, కల్నల్ విప్పి చదివి సెల్యూట్ కొడతాడు. దీన్ని మన కాంగ్రెస్ వాళ్లు సీల్డ్ కవర్ అంటారు. 1978 నుంచి 83 దాకా ఉమ్మడి ఆంధ్రకి నలుగురు ముఖ్యమంత్రుల్ని ఇచ్చిన పెట్టె అదే.

టి_నగర్_టిఫిన్

చెన్నారెడ్డి, అంజయ్య, భవనం, కోట్ల. మా నాన్న అన్నం తింటూ వరసగా చెప్పేవారు, ఏకాదశి లెక్కలాగా.

నిప్పులాంటి_నిజం

ఇది మాత్రం నిజం. మొదటిసారి ఇక్కడ ఒకటి నచ్చింది.

సైదాపేట_సీత

మీ గొడవల్లో నా ఏడుపు ఒకటి వినండి. పాలిటిక్స్ ఉన్నా లేకున్నా శాస్త్రి గారి పేజీలు నాకు ఎందుకు కావాలో చెప్తాను.

2015 డిసెంబర్ మొదటి వారం. అడయార్ నది మా వీధిలోకి రాత్రిపూట వచ్చింది. ముందు సాయంత్రం మోకాలి దాకా ఉంటే, తెల్లారేసరికి గ్యాస్ స్టవ్ మునిగింది. పిల్లల్ని, సర్టిఫికెట్లని మేడ మీదికి చేర్చాం. మంచం కింద రేకు పెట్టె గుర్తు రాలేదు. అందులో మా తమ్ముడూ నేనూ దాచిన కామిక్స్ నూట నలభై పైన. నాలుగు రోజుల తర్వాత మూత తీస్తే ఇటుకల్లా ఉన్నాయి. ఫ్యాన్ కింద ఆరబెట్టాను, పేజీకి పేజీకి మధ్య న్యూస్ పేపరు పెట్టాను. లోపలి కాగితం మామూలుది కాబట్టి కొన్ని విడివడ్డాయి. అట్టలు నునుపు కాగితం, అవి ఒకదానికొకటి అంటుకుని జిగురైపోయాయి. చాకు మొనతో నెమ్మదిగా లేపుతుంటే మాండ్రేక్ మొహం మొత్తంగా ఊడి అతని జతగాడు లోథార్ ఛాతీ మీదికి వచ్చేసింది. అప్పటిదాకా ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను. తమ్ముడు నవ్వాడు, వెధవ. పన్నెండు మిగిలాయి.

చెరువు గేట్లు ఎప్పుడు ఎత్తారు, ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పలేదు అన్నది కరెంట్ అఫైర్సే కదా పాండు గారూ. నా పెట్టెలో రెండూ కలిసే తడిశాయి.

పెరంబూర్_పాండు

సీతమ్మా, దీనికి నా దగ్గర జవాబు లేదు. కలరా ఉండలు వేసి దాచాను, పురుగు పట్టలేదు అని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. నీళ్లకి కలరా ఉండలేం చేస్తాయి.

కోరమంగళ_కోదండం

ఆ పన్నెండు ఏవో చెప్పండి, నా దగ్గర డబుల్స్ ఉన్నాయి. చర్చ్ స్ట్రీట్‌లో, అవెన్యూ రోడ్ ఫుట్‌పాత్ మీద ఏళ్ల తరబడి ఏరినవి. పోస్టులో పంపుతా, డబ్బులడగను.

సైదాపేట_సీత

లిస్టు పంపుతా అన్నయ్యా. బహదూర్‌వి ఉంటే ముందు అవి.

కోడంబాకం_కుర్రోడు

బహదూర్ ఎవరు?

సైదాపేట_సీత

అయ్యో రామా. మన దేశీ హీరో. ఆబిద్ సుర్తి సృష్టి. బందిపోటు కొడుకు, పోలీసు ఇంట్లో పెరిగి పెద్దయ్యాక బందిపోట్లనే పడతాడు. కుర్తా మీదికి జీన్స్. పదమూడేళ్లప్పుడు నాకు కాబోయేవాడు ఆ వేషంలో వస్తాడనుకున్నాను. సఫారీ సూట్‌లో వచ్చాడు.

స్కానర్_శాస్త్రి

బహదూర్ మాట వచ్చింది కాబట్టి పాండు గారు కళ్లు మూసుకోవాలి, నాలుగు వాక్యాలే. బహదూర్ పుట్టింది 1976లో. ఎమర్జెన్సీ నడుస్తోంది, పేపర్ల మీద సెన్సార్. చంబల్‌లో జయప్రకాశ్ నారాయణ్, అదే జేపీ, ఎదుట బందిపోట్లు తుపాకులు దించింది 1972. మూడేళ్లకి ఆ జేపీయే జైల్లో ఉన్నాడు. బొమ్మల పుస్తకంలో మాత్రం ఒక కుర్రాడు ఊళ్లో జనాన్ని కూడగట్టి దొంగల్ని పడుతున్నాడు. అదే 1976లో 42వ సవరణ వచ్చింది, లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేసింది అదే. 2001లో 84వ సవరణ ఆ గడువుని 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన దాకా పొడిగించింది. 2025 మార్చిలో మన చెన్నైలో దక్షిణాది నాయకులు కూడింది ఆ సంగతి మీదే. పునర్విభజన వారం నేను బహదూర్ పేజీలు పెట్టింది అందుకు. ఎవరూ అడగలేదు ఈ పేజీలే ఎందుకని.

పెరంబూర్_పాండు

అది ఆ రోజే రాసి ఉంటే అడిగేవాణ్ణి. మీరు సీట్లు, శాతాలు రాశారు, బహదూర్ పేరు ఒక్కసారి కూడా రాయలేదు. నేను మూడు పేరాలూ చదివానండీ. చదివాకే బీపీ.

స్కానర్_శాస్త్రి

వెనక్కి వెళ్లి చూశాను. రాయలేదు. అంతా మనసులోనే కలుపుకున్నట్టున్నాను.

లాయర్_లక్ష్మి

పొద్దున్నుంచీ చూస్తున్నాను, ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతా. ఈ స్కాన్లకి హక్కు ఎవరిది? మన కాపీరైట్ చట్టం 1957లో మామూలు లెక్క రచయిత పోయాక అరవై ఏళ్లు. మొదట యాభై ఉండేది. ఠాగూర్ గడువు తీరిపోతోందని 1992లో చట్టం మార్చి పదేళ్లు పెంచారు. ఫాక్ పోయింది 1999లో. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. పుస్తకం అచ్చు ఆగిపోయింది కాబట్టి మనదే అనుకోవడం కుదరదు. 1990లో ఇంద్రజాల్ మూతపడింది, హక్కులు మూతపడలేదు.

కానీ అదే చట్టంలో 52వ సెక్షన్ ఉంది. విమర్శ కోసం, సమీక్ష కోసం, వర్తమాన వ్యవహారాల రిపోర్టింగ్ కోసం కొంత భాగం న్యాయంగా వాడుకోవచ్చు. పుస్తకమంతా ఎక్కించేస్తే అది రక్షించదు. నాలుగు పేజీలు పెట్టి వాటి మీద మాట్లాడితే వాదించడానికి కాస్త చోటుంటుంది. కాబట్టి పాండు గారూ, మీరు వద్దంటున్న ఆ మూడు పేరాలే ఈయన్ని కాపాడేది.

టి_నగర్_టిఫిన్

అబ్బ! ఉపన్యాసం గొడుగు అన్నమాట.

లాయర్_లక్ష్మి

గొడుగే, కానీ చిల్లు ఉంది. పేరాలు ఆ బొమ్మ గురించి ఉండాలి. నంది కొండ పులిహోర గురించి రాస్తే జడ్జి గారికి ఆకలేస్తుంది గానీ మనం గెలవం. పైగా వారం వారం నాలుగేసి పేజీలు పెట్టుకుంటూ పోతే ఆఖరికి పుస్తకం మొత్తం ఎక్కినట్టే. అది కూడా చూసుకోండి.

స్కానర్_శాస్త్రి

ఆ చివరి మాట నాకు తట్టనేలేదు. సరే, ఇక మీదట కథకి నాలుగు పేజీలే, మొత్తం పెట్టను. బొమ్మ పైన ఏమీ రాయను, కింద రాస్తాను. రాసేది ఆ పేజీ పట్టుకునే రాస్తాను. అన్నపూర్ణమ్మ గారి మాట ప్రకారం చివర ప్రశ్న పెట్టి వదిలేస్తాను.

పెరంబూర్_పాండు

ఆగండాగండి. మొత్తం పెట్టరా? బబాబు కథ ఆఖరి పేజీ పెట్టరా?

స్కానర్_శాస్త్రి

లాయరమ్మ చెప్పింది విన్నారుగా. అయినా మీరు చదివిన కథేగా?

పెరంబూర్_పాండు

చదివాను. చివరి గడి తప్ప.

మా నాన్న రైల్వే. ఆదివారం డ్యూటీ దిగి సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్‌కి వెళ్లేవారు. పాత పుస్తకాల కొట్టువాడితో అరగంట బేరమాడి రెండు కామిక్స్ తెచ్చేవారు, ఒకటి అన్నయ్యకి, ఒకటి నాకు. 1982లో ఈ బబాబు పుస్తకం నా వంతుకి వచ్చింది. నాకు పదేళ్లు. అన్నయ్య ముందు చదువుతానని లాక్కున్నాడు. ఆఖరి పేజీ వెనకవైపు ఒక కూపన్ ఉంది, కత్తిరించి పేరు, అడ్రసు రాసి పంపితే స్టిక్కర్లు ఇస్తారట. కత్తిరించాడు. నా చేతికి వచ్చేసరికి ఆఖరి పేజీలో కుడివైపు కింద రెండు అగ్గిపెట్టెలంత కిటికీ. అందులోంచి చూస్తే మా వంటిల్లు కనిపించింది. ఆ గడిలో ఎవరో ఎవరితోనో ఏదో అంటున్నారు. బెలూన్ తోక ఒక్కటే మిగిలింది.

పుస్తకం పాతది, కూపన్ గడువు ఎప్పుడో అయిపోయింది. స్టిక్కర్లు ఇంకా రాలేదు. ఇంకో కాపీ కోసం నాన్న మూర్ మార్కెట్లో వెతుకుతూనే ఉన్నారు. 1985 మే 30న మార్కెట్ తగలబడింది. మర్నాడు డ్యూటీకి వెళ్తూ చూసి వచ్చి, "ఇక నీ పుస్తకం దొరకదురా" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు. ఇప్పటికీ తాను కత్తిరించలేదనే అంటాడు. నిన్న రాత్రి ఈ కథ మొదటి పేజీలు కనబడగానే నా గుండె ఎలా కొట్టుకుందో మీకు తెలీదు. అప్పుడు పైన 1984 అడ్డమొచ్చింది. అదండీ నా కోపం.

సైదాపేట_సీత

ముందే చెప్పొచ్చు కదా పాండు గారూ!

సిరి_1998

బెలూన్ తోక ఎవరి నోటి వైపు ఉంది అంకుల్?

పెరంబూర్_పాండు

పేజీ అంచు వైపు. ఎవరూ లేరు అక్కడ. నలభై మూడేళ్లుగా అదే ఆలోచన.

స్కానర్_శాస్త్రి

ఉండండి, బీరువా తీస్తాను. ఆ పేజీ ఇంకా స్కాన్ చెయ్యలేదు. పుస్తకానికి పిన్నులు తుప్పు పట్టాయని విప్పి పక్కన పెట్టాను. వెనక అచ్చు ముందుకి కనబడకుండా పేజీ కింద నల్ల కాగితం వేసి తియ్యాలి, అరగంట పడుతుంది.

స్కానర్_శాస్త్రి

నల్ల కాగితం అవసరం లేకపోయింది. నా దాంట్లోనూ కూపన్ లేదు. నేనూ పాత పుస్తకాల్లో కొన్నదే. ఇన్నేళ్లూ చూసుకోలేదంటే నా స్కానర్ మీద నాకే సిగ్గేస్తోంది.

బేతాళుడు_చెట్టుదిగడు

ఆ కంపెనీకి తమిళనాడు నుంచి ఎన్ని కూపన్లు వెళ్లి ఉంటాయో. స్టిక్కర్లు ఎవరికైనా వచ్చాయా?

సైదాపేట_సీత

నా దగ్గర ఆ పుస్తకం ఉండేది. ఇటుకల్లో పోయింది.

ఆవడి_అన్నపూర్ణ

పాపం పాండు బాబు. శాస్త్రి గారూ, ఇంకెవరి దగ్గరైనా ఉందేమో కనుక్కోండి. 1984 తర్వాత చూద్దాం.

కోరమంగళ_కోదండం

మేడ మీద అట్టపెట్టెలు దింపుతున్నాను. మా ఆవిడ నిచ్చెన పట్టుకుంది, తిడుతోంది. సాయంత్రంలోగా చెప్తాను.

కోరమంగళ_కోదండం

ఉంది. కూపన్ ఉంది. మా ఇంట్లో కత్తెర పిల్లలకి అందనిచ్చేవాళ్లు కాదు. ఆ ఒక్క గడి ఫోటో తీసి పాండు గారికి విడిగా పంపాను. ఇక్కడ పెడితే లాయరమ్మ ఊరుకోదు.

లాయర్_లక్ష్మి

నేనేమీ చూడలేదు.

కోడంబాకం_కుర్రోడు

అంకుల్, ఏముంది అందులో?

టి_నగర్_టిఫిన్

పాండు గారూ ఆన్‌లైన్‌లోనే ఉన్నారు, పచ్చ చుక్క కనిపిస్తోంది.

సిరి_1998

ఎవరు మాట్లాడుతున్నారు? లువాగానా, బబాబునా?

నిప్పులాంటి_నిజం

చెప్పండి సార్, మేమంతా ఒక పార్టీయే ఇప్పుడు.

పెరంబూర్_పాండు

చూశాను. మూడుసార్లు చూశాను. డల్లాస్‌కి ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుజాము, తిట్టాడు. చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కత్తెర నీకు ఎవరిచ్చారురా" అని నన్నే అడిగాడు.

ఏముందో మాత్రం చెప్పను. నేను నలభై మూడేళ్లు ఆగాను, మీరు శుక్రవారం దాకా ఆగలేరా? శాస్త్రి గారూ, ఆ ఒక్క గడి మీరు పెట్టండి. కింద ఏం రాసుకుంటారో రాసుకోండి.